సిల్వర్ ఏజ్ ఎక్కడ ఆగింది? కామిక్స్ పెట్టెలో యుగాల హద్దులు పెట్టుకోవడం ఎలా

నా దగ్గరున్న ‘డిటెక్టివ్ కామిక్స్’ 395వ సంచిక ఇప్పటికి నాలుగుసార్లు చోటు మారింది. న్యూజెర్సీలో ఒక ఆదివారం జరిగిన కామిక్స్ సంతలో, ‘సిల్వర్ ఏజ్’ అని రాసిన డబ్బాలోంచి తీసి కొన్నాను. ఇంటికి తెచ్చి అదే పేరున్న పెట్టెలో పెట్టాను. వారం తిరగకముందే, నాకంటే పాతికేళ్ల ముందునుంచి సేకరిస్తున్న ఒక మిత్రుడు వచ్చి చూసి, ‘ఇది బ్రాంజ్ ఏజ్ కదండీ, ఇక్కడెందుకు పెట్టారు?’ అంటూ పక్క పెట్టెలోకి మార్చారు. అట్ట మీద 1970 జనవరి అని ఉంది కాబట్టి నేనూ తలూపాను. తర్వాత తెలిసింది, అది దుకాణాల్లోకి వచ్చింది 1969 చివర్లోనని. మళ్లీ వెనక్కి. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని కథ చదివాను. మళ్లీ ముందుకి.

అమెరికన్ కామిక్స్ సేకరణ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఈ తలనొప్పి తప్పదు. కామిక్స్ చరిత్రను గోల్డెన్ ఏజ్, సిల్వర్ ఏజ్, బ్రాంజ్ ఏజ్ అని వరుస యుగాలుగా అందరూ విడదీస్తారు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయని అడిగితే తలా ఒక సంవత్సరం చెబుతారు. మీరు సంవత్సరం కోసం వెతకడం మానేయండి. హద్దు ఉండేది క్యాలెండర్‌లో కాదు, ఫలానా శీర్షికలో, ఫలానా సంచికలో. ఈ మాట పట్టుకుని మీ పెట్టె ముందు కూర్చోండి. ఒక పెన్సిలు, కొలబద్ద, కొన్ని కాగితపు చీటీలు చాలు.

1. ముందు ఏ తేదీ చూస్తున్నారో తేల్చుకోండి

ప్రతి కామిక్‌కూ రెండు తేదీలుంటాయి. అట్ట మీద అచ్చయినది ఒకటి, నిజంగా దుకాణంలోకి వచ్చినది ఇంకొకటి. అట్ట మీది తేదీ పాఠకుడి కోసం వేసింది కాదు. ‘ఈ నెల వచ్చేదాకా దీన్ని అరలో ఉంచు, తర్వాత తీసేయ్’ అని పత్రికల దుకాణదారుకు చెప్పే గుర్తు అది. అందుకే అది అసలు విడుదల కంటే రెండు మూడు నెలలు తర్వాతిదై ఉంటుంది. సూపర్‌మన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక మీద 1938 జూన్ అని ఉంటుంది, కాని అది ఏప్రిల్‌లోనే అమ్మకానికి వచ్చింది. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక మీద 1961 నవంబరు అని ఉన్నా, పిల్లల చేతికి అందింది ఆగస్టులో.

సేకర్తలు మాట్లాడుకునేది దాదాపు ఎప్పుడూ అట్ట తేదీతోనే. మీరూ అలాగే చేయండి. అట్ట మీద నెల మాత్రమే ఉండి సంవత్సరం లేకపోతే, లోపలి అట్టలోనో మొదటి పేజీ అడుగునో చీమల బారులా ఉండే ప్రచురణ వివరాలు చదవండి. భూతద్దం అవసరమైతే సిగ్గుపడకండి. హద్దు దగ్గరి పుస్తకాలకు మాత్రం రెండు తేదీలూ రాసి పెట్టుకోండి. ఎందుకో నా 395వ సంచిక చెప్పనే చెప్పింది.

2. గట్టి మేకులు రెండు కొట్టండి

గోల్డెన్ ఏజ్ మొదలు గురించి పెద్ద తగాదా లేదు. 1938 నాటి ఆ ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికే. అంతకుముందు కామిక్ పుస్తకాలు లేక కాదు. ‘ఫేమస్ ఫన్నీస్’ 1934 నుంచే ఉంది, ‘డిటెక్టివ్ కామిక్స్’ సైతం 1937లో మొదలైంది. వాటిని సేకర్తలు వేరే పేరుతో, ప్లాటినం ఏజ్ అని పిలుచుకుంటారు. మామూలు సేకర్త పెట్టెలో అవి ఉండవు కాబట్టి వదిలేద్దాం.

రెండో మేకు ‘షోకేస్’ 4వ సంచిక, 1956 సెప్టెంబరు–అక్టోబరు. మెరుపు వేగంతో పరుగెత్తే హీరో ఫ్లాష్ కొత్త రూపంలో వచ్చింది ఇందులోనే. ఇక్కడ ఎవరైనా మిమ్మల్ని ఆపి, ‘1955 నవంబరులో డిటెక్టివ్ కామిక్స్ 225లో మార్షియన్ మ్యాన్‌హంటర్ వచ్చాడు కదా, ఏడాది ముందే?’ అంటారు. నిజమే. కాని ఆ కథ బ్యాట్‌మన్ పుస్తకం వెనుక పేజీల్లో వచ్చింది, దాన్ని చూసి ఎవరూ సూపర్ హీరోల పుస్తకాలు వేయడానికి పరుగెత్తలేదు. ఫ్లాష్ విజయం చూశాకే సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ గ్రీన్ లాంటర్న్‌ను, తర్వాత మిగతావారిని కొత్త రూపంలో దించాడు. హద్దుగా నిలబడాలంటే ముందు రావడం చాలదు, వెనుక వచ్చేవాటికి దారి తీయాలి. ఈ పరీక్షను గుర్తుంచుకోండి, నాలుగో మెట్టులో మళ్లీ పనికొస్తుంది.

‘షోకేస్’ 4 నాకు ఇష్టమైన హద్దు కావడానికి ఇంకో కారణం ఉంది. అందులో బ్యారీ అలెన్ ఫ్లాష్ కావడానికి ముందు కూర్చుని చదివేది పాత ఫ్లాష్ కామిక్‌నే. అంటే కొత్త యుగపు హీరో పాత యుగాన్ని కథలోనే చేత్తో పట్టుకుని కనిపిస్తాడు. పాత ‘ఫ్లాష్ కామిక్స్’ 1949లో 104వ సంచికతో ఆగింది. కొత్త ఫ్లాష్‌కు 1959లో సొంత పుస్తకం ఇచ్చినప్పుడు దానికి ఒకటో అంకె వేయలేదు, 105 వేశారు! పదేళ్ల ఖాళీ మీదుగా లెక్క కొనసాగింది. 104, 105 పక్కపక్కన పెట్టి చూడండి, మధ్యలో ఒక యుగం అంచు ఉంటుంది.

ఫ్లాష్ డీసీ సంస్థ హీరో. పోటీ సంస్థ మార్వెల్ పుస్తకాలకు ఈ మేకు అలాగే వాడకండి. 1956 నుంచి 1961 దాకా ఆ సంస్థ వేసినవి ఎక్కువగా రాక్షసుల కథలు, కౌబాయ్ కథలు, ప్రేమకథలు. మార్వెల్ వరకు సిల్వర్ ఏజ్ తలుపు తెరిచింది ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక. 1958 నాటి కౌబాయ్ పుస్తకం మీద సిల్వర్ ఏజ్ అని రాస్తే తప్పేమీ కాదు, కాని ఆ మాటకు అక్కడ పెద్ద అర్థం లేదు.

ఒక చిన్న ముచ్చట: ఈ పేర్లు ప్రచురణకర్తలు పెట్టినవి కావు. 1966 ఫిబ్రవరి ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 42వ సంచిక ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు, ఇలా గోల్డెన్ ఏజ్ హీరోలను తిరిగి తెస్తూ పోతే ఇరవై ఏళ్ల తర్వాత ఈ దశాబ్దాన్ని వెండి అరవైలంటారని సరదాగా రాశాడు. ఆ వెండే అతుక్కుపోయింది.

3. మధ్యలో ఖాళీకి ఒక అర ఇవ్వండి

1938, 1956 మధ్య అంతా గోల్డెన్ ఏజే అని కొందరంటారు. కాని రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే సూపర్ హీరోల అమ్మకాలు పడిపోయాయి. సూపర్‌మన్, బ్యాట్‌మన్, వండర్ ఉమన్ వంటి కొద్దిమంది మాత్రం నిలిచారు. హీరోల బృందం ఉన్న ‘ఆల్ స్టార్ కామిక్స్’ 1951లో 57వ సంచిక తర్వాత కౌబాయ్ పుస్తకంగా మారిపోయింది. ఆ స్థలాన్ని నేరకథలు, 1947లో ‘యంగ్ రొమాన్స్’తో మొదలైన ప్రేమకథలు, ఆ తర్వాత ఈసీ సంస్థ భయానక కథలు ఆక్రమించాయి. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద విచారణ జరిపింది. ఆ ఏడాదే ప్రచురణకర్తలు కథల్లో ఏముండకూడదో చెప్పే కామిక్స్ కోడ్ అనే కట్టుబాటు తమకు తామే విధించుకున్నారు.

ఈ కాలానికి అటామిక్ ఏజ్ అని పేరు. నా సలహా ఏమిటంటే, ఇక్కడ సంవత్సరం కాదు, అట్ట పైభాగం చూడండి. తపాలా బిళ్లలా ఉండే తెల్లటి కోడ్ ముద్ర 1955 నుంచి కనిపిస్తుంది. ముద్రకు ముందున్న భయానక పుస్తకాలను సేకర్తలు ప్రీ-కోడ్ హారర్ అని ప్రత్యేకంగా వెతుక్కుంటారు. అయితే ముద్ర లేనిదల్లా 1955కి ముందుదనుకోవద్దు. డెల్ సంస్థ ఆ కోడ్‌లో ఎప్పుడూ చేరలేదు.

4. పదిహేను సెంట్ల పుస్తకాలన్నీ విడిగా తీయండి

అసలు యుద్ధం ఇక్కడే. సిల్వర్ ఆగి బ్రాంజ్ మొదలైన చోటు గురించి ఇద్దరు సేకర్తలు ఒక్క మాట మీదికి రావడం నేను చూడలేదు. ముందు వాదన పక్కన పెట్టి అట్ట మీది ధర చూడండి. డీసీ, మార్వెల్ మామూలు పుస్తకం 1969 దాకా 12 సెంట్లు. ఆ ఏడాది 15 అయింది. 1971లో కొంతకాలం పేజీలు పెంచి 25 చేశారు, తర్వాత 20కి దిగింది. కాబట్టి 12 సెంట్లవి నిశ్చింతగా సిల్వర్ వైపు పెట్టండి, 20 సెంట్లవి బ్రాంజ్ వైపు. 15 సెంట్లవి బల్ల మీద మిగులుతాయి. సేకర్తలు తగువులాడుకునే పుస్తకాల్లో చాలావరకు సరిగ్గా ఆ గుట్టలోనే ఉంటాయి. ధర యుగాన్ని నిర్ణయించదు, కాని ఎక్కడ కళ్లు పెట్టాలో చూపిస్తుంది. లావుపాటి ప్రత్యేక సంచికల ధర వేరుగా ఉంటుంది కాబట్టి వాటిని ఈ లెక్కలోకి తేవద్దు.

ఇప్పుడు ఆ గుట్టలో పోటీదారులను చూద్దాం.

‘గ్రీన్ లాంటర్న్’ 76, 1970 ఏప్రిల్. డెన్నీ ఓ’నీల్ రచన, నీల్ ఆడమ్స్ బొమ్మలు. గ్రహాలు దాటి తిరిగే హీరోను ఒక నల్లజాతి వృద్ధుడు నిలదీస్తాడు: నీలం, నారింజ రంగుల వాళ్లకు ఎంతో చేశావట, మా నల్లవాళ్లకేం చేశావని. హీరో తల దించుకుంటాడు. సిల్వర్ ఏజ్ కథల్లో హీరో తల దించుకోవడం అలవాటు లేదు.

చిత్రకారుడు జాక్ కిర్బీ మార్వెల్‌ను వదిలి డీసీకి రావడం ఇంకొకటి. ఆయన కొత్తచోట మొదలుపెట్టిన ‘జిమ్మీ ఓల్సెన్’ 133 మీద 1970 అక్టోబరు అని ఉంటుంది. అదే నెల తేదీతో ‘కోనన్ ద బార్బేరియన్’ మొదటి సంచిక వచ్చింది. సూపర్ హీరో కానివాడు కూడా పుస్తకాన్ని మోయగలడని అది చూపింది.

1971లో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 96, 97, 98 కోడ్ ముద్ర లేకుండా వచ్చాయి. మాదకద్రవ్యాల చెడు గురించి కథ రాయమని ప్రభుత్వ ఆరోగ్య శాఖే మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీని కోరింది, కోడ్ మాత్రం ఆ మాటే ఎత్తకూడదంది. మార్వెల్ ముద్ర లేకుండానే అచ్చేసింది. ఆ ఏడాదే కోడ్ సడలింది. దాని వెనుకే రక్తపిశాచులు, తోడేలు మనుషులు వరుసకట్టాయి. ‘టూంబ్ ఆఫ్ డ్రాక్యులా’ 1972లో మొదలైంది.

చివరిగా ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121, 1973 జూన్. హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోతుంది. హీరో వల వేసి పట్టుకున్నా, ఆమె బతకదు.

‘షోకేస్’కు పెట్టిన పరీక్షే వీటికీ పెట్టండి: ఏది దారి తీసింది? నా ఓటు ‘గ్రీన్ లాంటర్న్’ 76కి. గ్వెన్ మరణం మనసుకు ఎక్కువ గుచ్చుకుంటుంది, ఒప్పుకుంటాను. కాని అది ముగింపు. ముగింపును మొదలుగా లెక్కపెడితే మూడేళ్ల బ్రాంజ్ పుస్తకాలు దిక్కులేనివవుతాయి. కోడ్ సడలింపు సంగతి వేరు. భయానక కథలు సేకరించేవారికి అంతకంటే మంచి హద్దు లేదు. మీ పెట్టెలో ఎక్కువగా ఏమున్నాయో, హద్దు అటే ఎన్నుకోండి.

5. గీత శీర్షికకో చోట గీయండి

కొత్తవాళ్లు భయపడే మెట్టు ఇది. పెట్టె మొత్తానికి ఒకే గీత ఉండాలని ఎవరూ శాసించలేదు. సూపర్‌మన్‌కు నేను 1971 జనవరి నాటి 233వ సంచిక దగ్గర గీశాను. సూపర్‌మన్ బలాన్ని హరించే క్రిప్టోనైట్ రాయి, భూమ్మీదున్నదంతా, మామూలు ఇనుముగా మారే కథ అది. బ్యాట్‌మన్‌కు ఇంకా ముందే, రాబిన్ కాలేజీకి వెళ్లిపోయి బ్రూస్ వేన్ భవంతి వదిలేసే 217వ సంచిక, 1969 డిసెంబరు. స్పైడర్‌మ్యాన్‌కు మాత్రం 121. అప్పుడు నా పెట్టెల్లో 1970 నాటి కోనన్ బ్రాంజ్ వైపు, 1973 నాటి స్పైడర్‌మ్యాన్ 120 సిల్వర్ వైపు ఉంటాయి. మూడేళ్లపాటు రెండు యుగాలు పక్కపక్కనే నడుస్తాయన్నమాట. లెక్కల మనిషికి ఇది నచ్చదు. వరుసగా చదివి చూడండి, నచ్చుతుంది.

మన పురాణాల కాలగణన ఈ విషయంలో లోహాల పేర్లకంటే తెలివైనది. కృతయుగం నాలుగు వేల దివ్య సంవత్సరాలైతే, దానికి ముందు నాలుగు వందల ఏళ్లు సంధ్య, వెనుక నాలుగు వందల ఏళ్లు సంధ్యాంశ. యుగం ఒక్కరోజులో మారదని పెద్దలు ముందే లెక్కలో వేసి పెట్టారు. అందుకే నేను సిల్వర్, బ్రాంజ్ మధ్య ఒక అట్టముక్క నిలబెట్టి దాని మీద ‘యుగసంధి’ అని రాశాను. ఎటూ తేలని 15 సెంట్లవన్నీ దాని వెనుక ఉంటాయి. మీరూ ఒకటి పెట్టుకోండి. సగం తగువులు అక్కడే తీరతాయి.

6. ఇవతలి హద్దు కొంచెం సులువు

బ్రాంజ్ ఏజ్ ముగింపుకు డీసీ స్వయంగా సాయం చేసింది. 1985 ఏప్రిల్ నుంచి 1986 మార్చి తేదీల దాకా పన్నెండు సంచికలుగా వచ్చిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’లో పాత లోకాలన్నింటినీ కలిపేసింది. ఎనిమిదో సంచికలో చనిపోయేది ఎవరనుకున్నారు? బ్యారీ అలెన్. ‘షోకేస్’ 4లో తలుపు తెరిచినవాడే. ఆయన పుస్తకం 350వ సంచికతో ఆగింది, కొత్త ఫ్లాష్ 1987లో ఒకటో అంకెతో మొదలయ్యాడు. ఇలా అంకెలు మళ్లీ ఒకటికి వచ్చిన చోట గీత గీయడం తేలిక. ‘డార్క్ నైట్ రిటర్న్స్’, ‘వాచ్‌మెన్’ కూడా 1986లోనే మొదలయ్యాయి.

డీసీని పక్కన పెడితే, కొందరు 1984నే ఎంచుకుంటారు. ఇద్దరు యువకులు సొంత ఖర్చుతో నలుపు తెలుపులో ‘టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్’ వేసిన ఏడాది అది. అప్పటినుంచి 1992లో ఇమేజ్ సంస్థ పుట్టేదాకా ఉన్న కాలాన్ని కాపర్ ఏజ్ అంటారు. ఆ తర్వాతదంతా మోడ్రన్. కాపర్ ఏజ్ అనే మాట అమ్మకాల కోసం పుట్టిందేమోనని నాకు ఎప్పుడూ అనుమానమే, కాని పెట్టె సర్దడానికి పనికొస్తుంది. మోడ్రన్ అన్న మాటను మాత్రం నమ్మకండి. ఆ హద్దు ఏటా ముందుకు కదులుతూ ఉంటుంది. 1991 నాటి ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక సుమారు 80 లక్షల ప్రతులు అచ్చయింది. కొన్నవాళ్లంతా ప్లాస్టిక్ తొడుగులో దాచారు. అలాంటివాటికి ఏ యుగం పేరు రాసినా ధర పెరగదు.

7. అమ్మేవారి చీటీని పక్కన పెట్టండి

అమ్మేవారికి పాత యుగం పేరు ముద్దు. అందుకని బేరమాడేటప్పుడు యుగం గురించి మాట్లాడకండి, శీర్షిక, సంచిక, తేదీ, స్థితి అడగండి. పుస్తకం స్థితికి మార్కులు వేసే గ్రేడింగ్ సంస్థల రుసుము పట్టికల్లో కనిపించే ‘మోడ్రన్’ గీత కూడా వాటి ధరల సౌకర్యం కోసం పెట్టుకున్నదే. మీ పెట్టెకు దానితో పని లేదు.

పునర్ముద్రణల దగ్గర ఇంకా జాగ్రత్త. 1974లో డీసీ ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికను పెద్ద సైజులో మళ్లీ వేసింది. దానికి బయట ఇంకో అట్ట ఉండేది. ఆ అట్ట చింపేస్తే లోపల 1938 జూన్, 10 సెంట్లు అన్న అసలు అట్ట నకలు బయటపడుతుంది. దాన్ని అసలుదిగా చూపే మోసం పాతదే. కొలబద్ద తీయండి. అసలు పుస్తకం సుమారు 7¾ అంగుళాల వెడల్పు, ఆ నకలు దాదాపు పది అంగుళాలు. వెడల్పు మిగతా చోట్లా సాక్ష్యమిస్తుంది. కామిక్ పుస్తకం కాలం గడిచేకొద్దీ సన్నబడింది, ఇప్పటిది సుమారు 6⅝ అంగుళాలు. తొడుగులు అమ్మేవారు గోల్డెన్, సిల్వర్, కరెంట్ అని సైజులు పెట్టింది అందుకే. ఇంకో సులువు: అట్ట మీద బార్‌కోడ్ ఉంటే అది 1976కి ముందుది కాదు.

8. చీటీ రాయండి

ప్రతి హద్దు సంచిక తొడుగులో, పుస్తకానికి దన్నుగా పెట్టే అట్టముక్కకు అవతలి వైపు ఒక చీటీ పెట్టండి. కాగితం పుస్తకానికి తగలకూడదు, సిరా అసలే వద్దు. చీటీలో నాలుగు విషయాలు చాలు: అట్ట తేదీ, అమ్మకానికి వచ్చిన కాలం, ధర, ఇక్కడే గీత ఎందుకు గీశారో ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే గీత తప్పుచోట ఉందన్నమాట, చెరిపి జరపండి.

నా 395వ సంచిక ఇప్పుడు ‘యుగసంధి’ వెనుక మొదటి పుస్తకం. చీటీ మీద ఇలా ఉంది: ‘అట్ట 1970 జనవరి, అమ్మకం 1969 చివర, 15 సెంట్లు. ఓ’నీల్, ఆడమ్స్ కలిసి చేసిన తొలి బ్యాట్‌మన్ కథ. ఇందులో చీకటి ఎక్కువ.’ దాని కింద, ఆమధ్య వచ్చినప్పుడు, మా మిత్రుడు పెన్సిలుతో చేర్చారు: ‘బ్రాంజే.’